గుండెలో బరువు దిగితే ఆత్మ వెళ్లిపోయినట్టేనా? తిరుగుతున్న ఒక మెసేజ్‌కి జవాబు

విశ్వాసుల మధ్య ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "కృప పేరుతో మోసపోవద్దు" అని మొదలవుతుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది. క్రీస్తులో శిక్షావిధి లేదని పౌలు రోమా 8:1లో రాసిన మాట పాపం చేయనివాళ్లకే వర్తిస్తుందట. పాత తప్పు గుర్తొచ్చి గుండె బరువెక్కడమే పరిశుద్ధాత్మ మనలో ఉన్నాడనడానికి రుజువట, ఆ బరువు దిగిందంటే ఆత్మ వెళ్లిపోయినట్టేనట. రక్షించబడ్డాక తెలిసి పాపం చేస్తే ఆ పాపానికి ఇక బలి లేదట. ఇప్పుడు పడుతున్న జబ్బులూ నష్టాలూ ఆ పాపాలకు దేవుడు వేస్తున్న శిక్ష. కృప గురించి ఎక్కువ మాట్లాడేవాళ్లు పాపానికి లైసెన్స్ ఇస్తున్నారు. చివరి మాట ఏమిటంటే, క్షమాపణ దొరికిందని సంబరపడేవాడు తను ఎవరికి అన్యాయం చేశాడో వాళ్లను మర్చిపోతాడు.

రాసినవాళ్ల ఉద్దేశం చెడ్డదని నేను అనుకోను. పాపాన్ని తేలిగ్గా తీసుకునే బోధ నిజంగానే ఉంది, అది చూసి విసిగిపోయి రాసి ఉంటారు. కానీ ఇలాంటి మెసేజ్‌లతో ఒక చిక్కుంది. ఎవరికి తగలాలని రాశారో వాళ్లకు తగలదు. వాళ్లు చదివి, "ఇది ఫలానావాడికి సరిగ్గా సరిపోతుంది" అని ఫార్వర్డ్ చేసేస్తారు. దెబ్బ తగిలేది మెత్తని మనస్సాక్షి ఉన్నవాళ్లకు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) దగ్గర పళ్లెం తమ దాకా వచ్చేసరికి తల ఎత్తకుండా పక్కవాళ్లకు అందించేసేవాళ్లు ఉంటారు. ఎప్పుడో జరిగిపోయిన దాన్ని, ఇప్పటికి ఎన్నిసార్లు ఒప్పుకున్నారో వాళ్లకే గుర్తులేని దాన్ని, ఆ పూట మళ్లీ మోసుకొచ్చి ఉంటారు. ముందుగా వాళ్ల కోసమే ఈ జవాబు రాస్తున్నాను.

"రోమా 8:1ని సగానికి కోసి చెబుతున్నారు"

కింగ్ జేమ్స్ బైబిల్ తీసి చూడమంటోంది మెసేజ్. శరీరాన్ని అనుసరించక ఆత్మను అనుసరించి నడిచేవాళ్లకే శిక్షావిధి లేదని అందులో ఉందట.

ఉన్న మాట నిజమే. 1611 నాటి ఆ ఇంగ్లిష్ బైబిల్లో వచనం చివర ఆ షరతు కనిపిస్తుంది. మనలో ఎక్కువమంది చదివే తెలుగు బైబిల్లో మాత్రం "కాబట్టి యిప్పుడు క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు" అన్న దగ్గరే ఆగిపోతుంది. అలాగని ఎవరూ దాన్ని కోసేయలేదు. కింగ్ జేమ్స్ అనువాదకులు ఆధారపడిన గ్రీకు పాఠం 1516లో ఎరాస్మస్ అచ్చు వేయించిన పాఠం వరుసలోనిది. అది చాలావరకు మధ్యయుగాల నాటి రాతప్రతుల నుంచి తయారైంది. అంతకంటే ఎంతో పాతవైన, నాలుగో శతాబ్దానికి చెందిన వాటికన్ ప్రతిలో గానీ, సినాయి ప్రతిలో మొదట రాసిన పాఠంలో గానీ ఒకటో వచనం చివర ఆ మాటలు లేవు. అవే మాటలు నాలుగో వచనంలో ఉన్నాయి. నకలు రాసే క్రమంలో అక్కడివి పైకి వచ్చి చేరాయన్నది చాలామంది పండితుల అభిప్రాయం.

(ఇదే కొలత నాకూ వర్తిస్తుంది. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీకి ప్రభువు శిక్ష విధించకుండా పంపించిన యోహాను 8వ అధ్యాయపు ఘట్టం కూడా ఆ రెండు పాత ప్రతుల్లో లేదు. అది నిజంగా జరిగిందనే నా నమ్మకం. అయినా ఈ వాదనకు దాన్ని ఆధారంగా తీసుకురాను. అది లేకుండానే జవాబు చెప్పవచ్చు.)

ప్రతుల సంగతి పక్కన పెట్టి, ఆ మాటలు అక్కడే ఉన్నాయని అనుకుందాం. అప్పుడు కూడా పౌలు వాదన మెసేజ్ చెప్పిన దారిలో నడవదు. దానికి ముందున్న ఏడో అధ్యాయం చివర్లో ఉన్నది తను చేయాలనుకున్న మేలు చేయలేక, చేయకూడదనుకున్న కీడే చేస్తూ, "అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను?" అని మొత్తుకుంటున్న మనిషి. ఆ మనిషి మారకముందు పౌలా, మారిన తర్వాత పౌలా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఎవరైనా సరే, అతను బాగుపడ్డాడు కాబట్టి శిక్ష తప్పిందని పౌలు అనలేదు. మూడో వచనంలో కారణం చెప్పాడు: దేవుడు తన సొంత కుమారుణ్ని పంపి, ఆయన శరీరమందు "పాపమునకు శిక్ష విధించెను". శిక్షను రద్దు చేశాడని కాదు, అమలు చేశాడని. కృప అంటే దేవుడు చూసీ చూడనట్టు వదిలేయడం అనుకునేవాళ్లూ, అలా అనుకుని కృపకు భయపడేవాళ్లూ ఈ మూడో వచనం దగ్గర కాస్త ఆగాలి. సిలువ మీద ఒకసారి అమలైపోయిన శిక్షను క్రీస్తులో ఉన్నవాడి దగ్గర మళ్లీ వసూలు చేస్తే అది న్యాయమే కాదు.

అదే అధ్యాయంలో ఇంకొంచెం కిందికి వెళ్తే పౌలు నేరుగా కోర్టులోకే తీసుకెళ్తాడు. "శిక్ష విధించు వాడెవడు?" అని అడుగుతాడు. శిక్ష వేసే అధికారం ఉన్నది ఒక్కరికే. ఆ ఒక్కరూ చనిపోయి, లేచి, మన పక్షాన విజ్ఞాపన చేస్తూ కూర్చున్నారు.

"గుండెలో బరువే పరిశుద్ధాత్మ స్వరం, బరువు దిగితే ఆత్మ పోయినట్టే"

మెసేజ్ మొత్తంలో ఎక్కువ హాని చేసేది ఈ మాటే. అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ఇందులో కొంత నిజం ఉంది. పరిశుద్ధాత్మ పాపాన్ని గూర్చి ఒప్పింపజేస్తాడని యేసే చెప్పాడు. ఏం చేసినా చీమ కుట్టినట్టు కూడా లేని మనిషి గురించి భయపడాల్సిందే. వాతవేయబడిన మనస్సాక్షి అని పౌలు తిమోతికి రాసింది అలాంటివాళ్ల గురించే. కానీ ఆత్మ ఒప్పింపజేస్తే బాధ కలుగుతుంది అన్నది ఒక మాట, బాధ కలిగితే చాలు అది ఆత్మ పనే అన్నది వేరే మాట. మొదటిది వాక్యంలో ఉంది. రెండోది లేదు.

యేసును పట్టించిన శిష్యుడు యూదాను చూడండి. మత్తయి 27వ అధ్యాయం. యేసుకు శిక్ష ఖాయమైందని తెలియగానే అతను కుంగిపోయాడు. తీసుకున్న ముప్పై వెండి నాణేలు పట్టుకుని ప్రధానయాజకుల దగ్గరికి వెళ్లాడు. "నేను నిరపరాధరక్తమును అప్పగించి పాపము చేసితిని" అన్నాడు. సాకులు చెప్పలేదు, నేరం ఇంకొకడి మీదికి నెట్టలేదు, డబ్బు తిరిగిచ్చేశాడు. బాధ ఉంది, ఒప్పుకోలు ఉంది, నష్టపరిహారం కూడా ఉంది. మెసేజ్ అడుగుతున్నవన్నీ ఉన్నాయి. దానికి ఆ మతపెద్దలు ఇచ్చిన జవాబు: "దానితో మాకేమి? నీవే చూచుకొనుము." ఆ నాణేలు దేవాలయంలో పారేసి, వెళ్లి ఉరి వేసుకున్నాడు. యేసు పట్టుబడిన రాత్రే మూడుసార్లు ప్రభువును ఎరగనని బొంకిన పేతురు కూడా బయటికి వెళ్లి వెక్కివెక్కి ఏడ్చాడు. ఇద్దరిలో ఎవరి బాధ ఎక్కువో తూచడానికి మన దగ్గర తక్కెడ లేదు. తేడా ఎక్కడుందంటే, పేతురు బతికి ఉన్న ప్రభువు దగ్గరికి వచ్చి చేరాడు. గలిలయ సముద్రపు ఒడ్డున యేసు కనబడ్డాడని తెలియగానే పడవ ఒడ్డుకు చేరేదాకా కూడా ఆగలేక నీళ్లలోకి దూకాడు. తప్పు చేసినవాడు ఎవరికి చేశాడో ఆయన వైపే ఈదుకుంటూ వెళ్లాడు. ఒడ్డున ప్రభువు రొట్టె, చేపలు సిద్ధం చేసి ఉంచాడు. ముందు తిండి పెట్టాడు, ఆ తర్వాతే "నన్ను ప్రేమించుచున్నావా" అని మూడుసార్లు అడిగాడు. ఆ ప్రశ్న పేతుర్ని నొప్పించిందని యోహాను దాచలేదు. నొప్పించి వదిలేయలేదు, మూడుసార్లూ పని అప్పగించాడు.

పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఈ రెండు రకాల బాధల్నీ విడదీసి మరీ చెప్పాడు. "దైవచిత్తానుసారమైన దుఃఖము రక్షణార్థమైన మారుమనస్సును కలుగజేయును" అని, లోకసంబంధమైన దుఃఖమైతే మరణాన్ని కలుగజేస్తుందని. అదే పత్రికలో అంతకుముందు, సంఘం క్రమశిక్షణకు గురైన ఒకతని గురించి రాస్తూ, అతను మరీ ఎక్కువ దుఃఖంలో మునిగిపోకుండా ఇప్పుడు క్షమించి ఆదరించండి అన్నాడు. ఆ వెంటనే సాతాను తంత్రాలు మనం ఎరగనివి కావు అన్నాడు. హద్దు దాటిన దుఃఖాన్ని పౌలు ఆత్మ ఖాతాలో వేయలేదు, సాతాను తంత్రాల పక్కన పెట్టాడు. ప్రకటన గ్రంథంలో రాత్రింబగళ్లు సహోదరుల మీద నేరం మోపేవాడని పేరు పడింది కూడా అపవాదికే.

మరి మనలో మాట్లాడుతున్నది ఎవరో ఎలా తెలుస్తుంది? మంచి డాక్టరు కడుపు మీద వేలు పెట్టి "నొప్పి ఇక్కడేనా?" అంటాడు, ఒళ్లంతా రోగమేనని చెప్పి పంపించేయడు. ఆత్మ ఒప్పింపు అలాగే ఒక పనినో, ఒక మాటనో, ఒక మనిషినో చూపిస్తుంది. చేయాల్సింది ఒకటి ఉంటుంది, అది చేశాక ఆ విషయం ముగుస్తుంది. రెండోదానికి ముగింపు ఉండదు. "నువ్వంతే, నీ బతుకంతే" అంటుంది. ఒప్పుకున్నాక "సరిగ్గా ఒప్పుకున్నావా?" అంటుంది, కన్నీళ్లు పెట్టుకుంటే "అవి నిజమైన కన్నీళ్లేనా?" అంటుంది.

ఇది ఎంత దూరం పోగలదో చరిత్రలో ఇద్దరు మనుషుల్లో చూడొచ్చు. 1505లో ఎర్‌ఫర్ట్‌లో అగస్టీనియన్ మఠంలో చేరిన మార్టిన్ లూథర్ గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు. బయటికొచ్చాక ఇంకేదో గుర్తొచ్చి మళ్లీ వెళ్లేవాడు. ఆయన ఆత్మీయ పెద్ద స్టౌపిట్స్‌కే ఓపిక నశించిన సందర్భాలున్నాయి. 1522లో స్పెయిన్‌లో మన్రేసా అనే ఊళ్లో ఇగ్నేషియస్ లొయోలా సరిగ్గా ఇదే బాధలో పడ్డాడు. ఒప్పుకున్న పాపాలే మళ్లీ మళ్లీ ఒప్పుకుంటూ, ఏదో మిగిలిపోయిందన్న అనుమానంతో నలిగిపోయి, ప్రాణం తీసుకోవాలన్న తలంపు దాకా వెళ్లాడు. తర్వాతి కాలంలో ఒకరు సంఘ సంస్కరణకు నాయకుడు, మరొకరు దాన్ని ఎదుర్కొన్న యేసు సభకు స్థాపకుడు. సిద్ధాంతంలో వాళ్లిద్దరికీ పొసగదు. కానీ పాత పాపాల్ని తవ్వి తవ్వి తీసే ఈ వేధింపు దేవుడి నుంచి వచ్చింది కాదని ఇద్దరూ తెలుసుకున్నారు. గడిచిపోయిన పాపాల్ని ఇక ఒప్పుకోనని ఇగ్నేషియస్ తీర్మానించుకున్న తర్వాతే అతనికి విడుదల దొరికింది. మెసేజ్ ప్రకారం చూస్తే ఆ రోజే ఆత్మ అతన్ని వదిలి వెళ్లిపోయి ఉండాలి.

ఒకమాట ఇక్కడే చెప్పేస్తాను. ఎన్నిసార్లు ఒప్పుకున్నా, ఎన్ని వాక్యాలు చదివినా అనుమానం తీరకుండా, నిద్ర, తిండి, పని అన్నీ పాడయ్యే స్థితి ఒకటి ఉంది. వైద్యులు దాన్ని ఓసీడీలో (ఒకే తలంపు అదుపు లేకుండా మళ్లీ మళ్లీ వేధించే మానసిక సమస్యలో) ఒక రకంగా గుర్తిస్తారు. అలాంటివాళ్లకు ప్రార్థనతో పాటు డాక్టరు కూడా కావాలి. అది విశ్వాసం తక్కువై వచ్చింది కాదు. ఇలాంటి మెసేజ్‌లు వాళ్లకు పంపకండి.

"తెలిసి పాపం చేస్తే ఇక బలి లేదు: హెబ్రీ 10:26"

వచనం ఉంది, భయంకరంగానే ఉంది. దాన్ని మెత్తబరచడానికి నేను ప్రయత్నించను. కానీ అది ఎవరి గురించో అదే పేరా చెబుతుంది. 29వ వచనంలో దేవుని కుమారుణ్ని పాదాలతో తొక్కి, నిబంధన రక్తాన్ని అపవిత్రమైనదిగా ఎంచి, కృపకు మూలమైన ఆత్మను తిరస్కరించినవాడు అని ఉంది. కోపంలో నోరు జారినవాడో, పాత అలవాటులో పడి లేచి ఏడుస్తున్నవాడో కాదు. ఈ పత్రిక అందుకున్నవాళ్లు హింసకు తట్టుకోలేక క్రీస్తును వదిలేయాలా అని ఊగిసలాడుతూ, పాత బలుల వైపు చూస్తున్నవాళ్లన్నది చాలామంది పండితుల అభిప్రాయం. వాళ్లతో రచయిత అంటున్నది, ఈ బలిని కాదని వెళ్తే బయట ఇంకో బలి ఎక్కడా లేదని. క్రీస్తు బలి శక్తి ఒకసారికే ఖర్చైపోయిందని కాదు. అలా అని ఉంటే, పన్నెండు వచనాల ముందు "ఒక్క అర్పణచేత ఈయన పరిశుద్ధపరచబడువారిని సదాకాలమునకు సంపూర్ణులను చేసియున్నాడు" అని రాసేవాడే కాదు.

మెసేజ్ చదివినట్టే చదివితే ఎవరు మిగులుతారు? దావీదు రాజు ఇంకొకడి భార్య బత్షెబ విషయంలో చేసినదంతా తెలిసి చేసిందే, పథకం వేసి చేసింది. పేతురు మూడుసార్లు బొంకింది పొరపాటున కాదు. అసలు పెద్దవాళ్లు చేసే పాపాల్లో తెలియక చేసేవి ఎన్ని?

ఈ ప్రశ్న సంఘానికి కొత్తది కాదు. 250లో రోమా చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు పత్రం తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. అలాంటి పత్రాలు కొన్ని ఐగుప్తు పపైరస్‌ల మీద నేటికీ దొరుకుతున్నాయి. కొందరు క్రైస్తవులు ప్రాణాలిచ్చారు. చాలామంది భయపడి బలి అర్పించారు, కొందరు లంచమిచ్చి పత్రం మాత్రం కొనుక్కున్నారు. హింస తగ్గాక వాళ్లు ఏడుస్తూ తిరిగొచ్చారు. తెలిసి చేసిన పాపం, అదీ మామూలుది కాదు. రోమాలో నొవాషియన్ అనే పెద్ద, వీళ్లను సంఘంలోకి తిరిగి తీసుకునే అధికారం సంఘానికి లేదన్నాడు. కార్తేజ్ బిషప్ సిప్రియన్, రోమా బిషప్ కొర్నేలియస్ పశ్చాత్తాప క్రమం పెట్టి చేర్చుకోవాలన్నారు. సంఘం వాళ్ల మాటే పట్టుకుంది. 325 నాటి నైసియా సభ, నొవాషియన్ పక్షం నుంచి తిరిగొచ్చే బోధకులకు పెట్టిన షరతుల్లో ఒకటి ఇది: హింసలో జారిపోయి తిరిగొచ్చిన వాళ్లతో సహవాసం చేస్తామని రాసివ్వాలి. అంటే ఈ మెసేజ్‌లో ఉన్న బోధకు సంఘం జవాబు చెప్పి పదిహేడు వందల ఏళ్లయింది.

బాప్తిస్మం తర్వాతి పాపాలకు క్షమాపణ కష్టమన్న భయం అప్పట్లో ఇంకో వింత అలవాటు తెచ్చింది. చాలామంది బాప్తిస్మాన్ని వాయిదా వేసుకుంటూ పోయారు. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి 337లో మరణానికి కొద్దిగా ముందు తీసుకున్నాడు. తర్వాత గొప్ప క్రైస్తవ బోధకుడైన అగస్టీన్‌కు చిన్నప్పుడు జబ్బు చేసినప్పుడు ఇవ్వబోయి, కోలుకోగానే ఆపేశారు; పెద్దయ్యాక మళ్లీ పాపం చేస్తాడు కదా, అప్పుడు దోషం ఇంకా పెద్దదవుతుందని. ఆయన చివరికి 387లో మిలాన్‌లో తీసుకున్నాడు. ఆ మధ్య ఏళ్లలో ఆ వాయిదా ఆయన్ని పవిత్రంగా ఉంచలేదని ఆయనే రాసుకున్నాడు.

"నీ జబ్బు నీ పాత పాపానికి శిక్ష"

దీనికి ఎక్కువ అక్కర్లేదు. పుట్టు గుడ్డివాణ్ని చూసి ఎవడు పాపం చేశాడని శిష్యులు అడిగితే, "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అన్నాడు యేసు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే పెద్ద పాపులనుకోవద్దన్నాడు. కష్టాల్లో ఉన్న యోబును చూడవచ్చిన స్నేహితులు ముగ్గురూ ఈ మెసేజ్‌ని పద్యాల్లో చెప్పారు, చివర్లో దేవుడి కోపం వాళ్ల మీదే రగులుకుంది.

ఎదురు ప్రశ్న నాకు తెలుసు: మరి కొరింథులో ప్రభువు బల్ల విషయంలో తప్పు చేసినవాళ్లు జబ్బుపడ్డారనీ, కొందరు చనిపోయారనీ పౌలే రాశాడు కదా? రాశాడు. అది ఒక అపొస్తలుడు ఒక సంఘానికి చెప్పిన మాట. దాన్ని పట్టుకుని ఆస్పత్రి మంచం మీద ఉన్నవాడికి కారణం చెప్పే అధికారం మనకెవరికీ రాలేదు. పైగా అక్కడే పౌలు, ప్రభువు మనల్ని ఇలా శిక్షించడం లోకంతోపాటు మనకు శిక్షావిధి కలగకుండా ఉండేందుకే అన్నాడు. తండ్రి దిద్దుబాటు, న్యాయాధిపతి తీర్పు ఒకటి కావని ఆ ఒక్క వాక్యమే చెబుతోంది. ఇంతకీ ఆ కొరింథీయులు చేసిన తప్పేమిటి? ఉన్నవాళ్లు ముందే వచ్చి కడుపునిండా తిని తాగి, లేనివాళ్లను ఆకలితో కూర్చోబెట్టారు. "అయోగ్యముగా" తినడమంటే పౌలు చూపించింది ఈ తీరు. తన పాపం తలుచుకుని చేయి వణికేవాళ్లు బల్ల దగ్గరికి రాకూడదని ఆయన ఎక్కడా రాయలేదు. పళ్లెం పక్కకు అందించేసేవాళ్లు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయాన్ని 17వ వచనం నుంచి ఒకసారి చదవాలి.

పాపానికి పర్యవసానాలే ఉండవని నేననడం లేదు. "యెహోవా నీ పాపమును పరిహరించెను" అని నాతాను ప్రవక్త చెప్పిన తర్వాత కూడా దావీదు ఇంట్లో కత్తి ఆగలేదు, బిడ్డ కూడా దక్కలేదు. ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదివినా నాకు సులువుగా మింగుడుపడదు. కానీ క్షమాపణ మాట ముందు వచ్చింది, దాన్ని దేవుడు వెనక్కి తీసుకోలేదు.

"కృప ఎక్కువగా చెబితే పాపానికి లైసెన్స్ ఇచ్చినట్టే"

ఈ ఆరోపణ పౌలు మీదే వచ్చింది. కీడు చేద్దాం, మేలు కలుగుతుంది అని ఆయన బోధిస్తున్నాడని కొందరు దూషించినట్టు రోమా 3లోనే ఉంది. కాబట్టి కృప బోధించేవాడి మీద ఈ నింద ఎప్పుడూ పడలేదంటే, అతను పౌలు బోధించింది బోధిస్తున్నాడా అని నాకు అనుమానం వస్తుంది.

కృపను దుర్వినియోగం చేసేవాళ్లు లేరని కాదు. యూదా పత్రిక (ఇది వేరే యూదా పేరున ఉన్నది) వాళ్లను పేరు పెట్టి కాకపోయినా వేలెత్తి చూపించింది. మారుమనస్సు లేని క్షమాపణను, శిష్యత్వం లేని కృపను చౌక కృప అని గట్టిగా తిట్టిన జర్మన్ పాస్టర్ డీట్రిక్ బోన్‌హోఫర్ కూడా లూథర్ సంప్రదాయంలో నిలబడే ఆ మాట అన్నాడు. 1945లో నాజీలు ఆయన్ని ఉరితీశారు. నేను అడిగేది ఒక్కటే. దుర్వినియోగానికి మందు ఏమిటి? కృప మోతాదు తగ్గించి భయం మోతాదు పెంచడమా? పౌలు అలా చేయలేదు. "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా? అట్లనరాదు" అన్నాక, "జాగ్రత్త, మళ్లీ శిక్ష పడుతుంది" అని బెదిరించలేదు. మీరు క్రీస్తుతో చనిపోయారు, ఆయనతో లేచారు, ఆ పాత యజమానికి మీరిక బాకీ లేరు అన్నాడు. ఇంకా విచిత్రం అదే రోమా 6వ అధ్యాయంలో 14వ వచనం: "మీరు కృపకే గాని ధర్మశాస్త్రమునకు లోనైనవారు కారు గనుక పాపము మీ మీద ప్రభుత్వము చేయదు." మెసేజ్ రాసినవాళ్లకు ఈ వాక్యం తలకిందులుగా కనబడాలి. వాళ్ల లెక్కలో కృప కిందికి వస్తే పాపం పెరగాలి.

అనుభవంలో కూడా అపరాధ భావం పాపాన్ని ఆపదు, దాచిపెడుతుంది. ఒక బలహీనతతో పోరాడేవాడు పడిపోయిన రోజున "ఇక నేను పనికిరాను" అనుకుంటాడు. పనికిరానివాడికి జాగ్రత్త ఎందుకు? అదే రోజు మళ్లీ పడతాడు. ప్రార్థన మానేస్తాడు, తర్వాత సంఘానికి రావడం తగ్గిస్తాడు, ఎవరైనా ఫోన్ చేస్తే బాగానే ఉన్నానంటాడు. దావీదు 32వ కీర్తనలో చెప్పింది ఇదే. మౌనంగా ఉన్నంతకాలం ఎముకలు క్షీణించాయన్నాడు, ఒప్పుకున్నప్పుడు క్షమాపణ దొరికిందన్నాడు. ఆ మౌనం విడవాలంటే అవతల ఉన్నది క్షమించేవాడన్న ధైర్యం కావాలి. "ఎవడైనను పాపము చేసినయెడల... ఉత్తరవాది తండ్రియొద్ద మనకున్నాడు" అని యోహాను రాసిన వాక్యం ఎలా మొదలవుతుందో చూడండి: మీరు పాపం చేయకుండునట్లు ఈ సంగతులు రాస్తున్నాను. పాపం చేయకుండా ఉండడానికే ముందుగా వకీలున్నాడని చెప్పాడు.

"క్షమాపణ దొరికిందనుకునేవాడు బాధితుల్ని మర్చిపోతాడు"

మెసేజ్‌లో అన్నిటికంటే బరువైన మాట ఇదే, దీన్ని చివర్లో ఒక్క వాక్యంలో ముగించేశారు. నేను దీనితో సగం ఏకీభవిస్తాను. "దేవుడే నన్ను క్షమించాడు, నువ్వెవరు అడగడానికి?" అని దెబ్బ తిన్నవాళ్ల నోరు మూయించేవాళ్లున్నారు. ఇంట్లో కొట్టేవాడు, సంఘం డబ్బు తిన్నవాడు, పిల్లల మీద చెయ్యి వేసినవాడు సాక్ష్యం చెప్పి మళ్లీ స్టేజీ ఎక్కితే, కింద కూర్చున్న బాధితులకు ఆ కృప ఎలా వినబడుతుంది? ఈ కోపం న్యాయమైనదే.

కానీ దానికి మందు, తప్పు చేసినవాణ్ని జీవితాంతం అపరాధ భావంలో ఉంచడం కాదు. అతను లోపల ఎంత కుమిలినా బాధితుడికి ఒక్క రూపాయి తిరిగిరాదు, ఒక్క నిజం బయటపడదు. యేసు చెప్పింది వేరు. బలిపీఠం దగ్గర ఉండగా నీ మీద నీ సహోదరుడికి విరోధం ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లు అన్నాడు. పన్ను వసూలుదారు జక్కయ్య కథలో వరుస గమనించండి. యేసు ముందే "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నాడు, ఊరంతా సణిగింది. డబ్బు గురించి ఆయన ఏమీ అడిగినట్టు లూకా రాయలేదు. జక్కయ్యే లేచి నిలబడి ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానన్నాడు. శిక్షకు భయపడేవాడు లెక్క తక్కువ చూపిస్తాడు, జక్కయ్య పెంచి చూపించాడు. చట్టం ముందు జవాబు చెప్పాల్సిన నేరం చేసినవాడు కూడా, ఆ పెద్ద తీర్పు గురించి భయం తీరినవాడైతే, పోలీసు స్టేషన్‌కి వెళ్లి నిజం చెప్పగలగాలి. చెప్పకుండా కృప వెనక దాక్కుంటే సంఘం అతన్ని వెనకేసుకురాకూడదు. బాధితులు ఎప్పుడు క్షమించాలో, అతన్ని మళ్లీ ఎంత దగ్గరికి రానివ్వాలో అతను నిర్ణయించడానికి వీల్లేదు.

శిక్షావిధి లేదని రాసిన పౌలే ఫిలేమోనుకు ఒక చిన్న ఉత్తరం రాశాడు. ఆ ఫిలేమోను ఇంటి నుంచి దూరమైన అతని దాసుడు ఒనేసిము, పౌలు దగ్గర విశ్వాసి అయ్యాడు. ఇప్పుడు సహోదరుడు కదా, పాతవన్నీ మర్చిపో అని రాసి పంపించేయలేదు పౌలు. అతను నీకు నష్టమేమైనా కలిగించి ఉంటే, ఏమైనా బాకీ ఉంటే, "అది నా లెక్కలో చేర్చుము" అన్నాడు. మామూలుగా లేఖకుడితో రాయించే అలవాటున్న ఆయన, ఆ మాట దగ్గర కలం తను తీసుకుని, పౌలను నేను నా స్వహస్తంతో రాస్తున్నాను, నేనే తీరుస్తాను అని రాశాడు.